తాళం వేసిన వీధి

చైత్ర శుద్ధ అష్టమి. నీళ్లు తేట. గాలి తక్కువ.

గైడు పని నేర్చుకునేవాళ్లు ప్రతి ఉదయం ఏం చూశారో ఆ రోజే రాసి పెట్టాలని మా నియమం. దానమ్మత్త పడవ నడుపుతుంది, నాకు పని కూడా ఆమే నేర్పుతుంది. తను నేర్చుకునే రోజుల్లో రాసిన చిట్టా తెచ్చి చూపించింది. ఒక రోజు "చేపలు కనబడ్డాయి" అని ఉంది. మర్నాడు "చేపలు బాగా కనబడ్డాయి" అని ఉంది.

"ఏ చేపలత్తా?" అన్నాను.

"నీటిలో ఉన్నయ్యే," అంది.

నాకలా రాస్తే తృప్తి ఉండదు. ఈ మధ్య నాకు మాటల పిచ్చి పట్టుకుంది. ఏదైనా చూస్తే దానికి సరిపోయే మాట దొరికేదాకా అన్నం సహించదు. తళతళ వేరు, తళుకు వేరు అని ఇవాళే తెలిసింది. అప్పుడే తోమిన ఇత్తడి చెంబు తళతళలాడుతుంది. తళుకు అలా నిలిచి ఉండదు. చేప పక్కకి తిరిగినప్పుడు ఒక్కసారి మెరిసి పోతుంది చూడండి, అదీ తళుకంటే.

పొద్దున్నే నా పని కళ్లద్దాలు కడగడం. లోపలివైపు కుంకుడు నురుగు రుద్ది ఆరబెడితే నీళ్లలో ఆవిరి పట్టవు. తర్వాత ఊపిరి గొట్టాలు, తర్వాత తెడ్డుకాళ్లు. కాళ్లకి తొడుక్కునే రబ్బరు రెక్కల్ని మేం అలాగే అంటాం. అవి తొడుక్కుని పడవలో నడిచే యాత్రికుల్ని చూస్తే నవ్వు ఆపుకోవడం కష్టం. బాతులే నయం.

పడవ గట్టు నుంచి బయల్దేరి కింద ఊరి మీదికి వెళ్తుంది. మా తాతల కాలంలో సముద్రం కొంచెం కొంచెంగా ఎక్కి ఆ ఊరిని తీసుకుంది. తొందరపెట్టలేదు. సామాన్లు సర్దుకుని, తలుపులు దగ్గరగా వేసుకుని అందరూ గట్టెక్కారు. ఇప్పుడు రెండు నిలువుల లోతున ఆ గోడలున్నాయి. వాటి మీద మావాళ్లు పగడాలు నాటారు. జింకకొమ్ముల్లాంటివి, క్యాబేజీల్లాంటివి, గుండ్రంగా మెదడులా ముడతలు పడినవి. మొదట నాటింది మనుషులే. తర్వాత అవే పెరిగాయి.

ఒక్కో వీధి మీదికి రాగానే దానమ్మత్త పడవ ఆపుతుంది. తెడ్డుతో పడవ అంచు మీద మూడుసార్లు కొట్టి, "ఇంట్లో ఎవరండీ?" అని గట్టిగా పిలుస్తుంది. ఒక్క క్షణం ఆగుతాం. తర్వాతే నీళ్లలోకి దిగాలి. ఒకరింటికి వెళ్తున్నాం కదా.

అనంతపురం నుంచి వచ్చిన ఓబులేసుగారు ఇవాళే మొదటిసారి సముద్రం చూశారట. "ఎవరన్నా పలుకుతారా పాపా?" అని అడిగారు.

"ఇంతవరకు ఎవరూ పలకలేదండి. పలికితే మీకంటే ముందు నేనే ఈదుకుంటూ ఒడ్డుకి పోతాను."

"ఆ చేపలు కొరకవు గదా?"

"మీరు వాటిని కొరక్కుండా ఉంటే చాలండి."

నిచ్చెన పట్టుకుని దిగడానికి చాలాసేపు పట్టింది ఆయనకి. మళ్లీ ఎక్కడానికి అంతకన్నా ఎక్కువ పట్టింది. భయం వల్ల కాదు, రానన్నారు. పడవలో కూర్చుని తల తుడుచుకుంటూ, "మా ఊర్లో పెండ్లిలో గూడా ఇన్ని రంగులు చూడలేదమ్మా," అన్నారు. నేను వెతికే మాటలన్నిటికన్నా ఆ మాట బాగుంది.

చైత్ర శుద్ధ ద్వాదశి. నీళ్లు తేట, కాస్త వెచ్చన.

ఇవాళ దూరం నుంచి వలల వీధి చూశాను. దగ్గరికి వెళ్లకూడదు. దాని చుట్టూ పసుపుపచ్చ బుడగలు కట్టిన తాడు ఉంటుంది. వలలు అల్లేవాళ్లు, చిరిగినవి బాగుచేసేవాళ్లు ఒకప్పుడు అక్కడుండేవారట. కింద ఊరిలో ఏ వీధిలోకి యాత్రికులు దిగాలన్నా ఆ వీధిలో బతికినవాళ్లు సరేననాలి. మిగతా వీధులవాళ్లు ఎప్పుడో ఒప్పుకున్నారు. వలల వీధి తాలూకు మనిషి ఇప్పుడు ఒక్కరే మిగిలారు, సూరాడ కామయ్య తాత. ఆయన ఒప్పుకోలేదు.

ఆయన్ని నాకు బాగా తెలుసు. రేవు దగ్గర టీ కొట్టు ఆయనదే. సముద్రానికి వీపు తిప్పి, గట్టుకేసి చూస్తూ అట్లు వేస్తారు. అల్లం టీ తాగితే గొంతు మండుతుంది, అదే బాగుంటుంది.

తాడు దగ్గర ఆగి లోపలికి చూశాను. పగడాలు తెల్లబడుతున్నాయి. అన్నీ కాదు, అక్కడక్కడా. పక్క వీధిలో మాత్రం ఒక్కటీ తెల్లబడలేదు. నీళ్లు రెండు చోట్లా ఒకటే కదా!

దానమ్మత్తకి చెప్పాను. కళ్లు చిట్లించి అటు చూసింది.

"నీడపడవలు అటు ఎల్లట్లేదు," అంది.

నీడపడవల్లో మనుషులుండరు. పెద్ద తెల్లగుడ్డ పరుచుకుని అవే తిరుగుతాయి. వేసవిలో నీళ్లు వెచ్చబడ్డాక ఎండ కూడా నేరుగా పడితే పగడాలు తట్టుకోలేవు. అందుకని ఎండ ముదిరే వేళకి ఇవి వచ్చి వాటి మీద నిలబడతాయి. అన్ని వీధులకీ సరిపడా లేవు, అవే సర్దుకుంటాయి. వాటి అడుగున పట్టిన గుల్లలు గీకడం నా వారపు పని. ఎక్కడికి వెళ్లాలో చెప్పడం మాత్రం నా చేతిలో లేదు. వాటిని పంపిన ఆఫీసుకి కబురు పెట్టాం.

చైత్ర బహుళ విదియ. నీళ్లు వెచ్చన. అల లేదు.

ఆఫీసు నుంచి జవాబొచ్చింది. వానలు వెళ్లాక మనిషిని పంపుతారట. వానలు వెళ్లేసరికి వలల వీధిలో చూడటానికి ఏం మిగలదు.

ఇవాళ మరొకటి జరిగింది. బడి వీధిలో ఒక పెద్ద గుల్ల ఉంది. దాని పెదవుల అంచు నీలం. ఆ నీలానికి మాట దొరక్క అక్కడే తేలుతూ ఉండిపోయాను. యాత్రికులు ముందుకి వెళ్లిపోయారు. నీడపడవ కూడా వాళ్లతో వెళ్లింది. కాసేపటికి నా వీపు మీద ఎండ తగ్గింది. తలెత్తి చూస్తే ఇంకో నీడపడవ వచ్చి సరిగ్గా నా మీద గుడ్డ పరిచి నిలబడి ఉంది. పెళ్లికూతురికి గొడుగు పట్టినట్టుంది.

నాకు నీడెందుకు? నేను పగడాన్ని కాను కదా.

(ఆ నీలం నెమలికంఠం కాదు. ఆకాశం కాదు. నీలిమందు నీళ్లలో ఒక్క చుక్క వేసి కలపకముందు ఎలా ఉంటుందో అలా ఉంది. ప్రస్తుతానికి ఇంతే.)

చైత్ర బహుళ పంచమి. నీళ్లు ఇంకా వెచ్చన.

ఇవాళ యాత్రికులు పడవలో కూర్చుని మరమరాలు తింటూ ఉంటే, నేను వలల వీధి తాడు దగ్గరికి ఈదాను. తాడు దాటలేదు. బుడగ పట్టుకుని ఊరికే తేలాను. నీడపడవ వచ్చింది. నేను పక్కకి జరిగితే అదీ జరిగింది. నేను తాడు వెంట ఆ చివరికి వెళ్తే అదీ వచ్చింది. దాని గుడ్డ అంచు తాడు దాటి లోపల నాలుగు పగడాల మీద పడింది. ఆ నాలుగూ హాయిగా ఉన్నట్టు నాకు అనిపించింది. పగడాల మొహం ఎలా ఉంటుందో నాకు తెలీదు కానీ.

పడవెక్కి దానమ్మత్తతో గబగబా చెప్పాను. "అత్తా, అవి పగడాల్ని చూడట్లేదు. మనల్ని చూస్తున్నాయి! మనుషులు ఎక్కడ ఎక్కువసేపు తేలితే అక్కడ కాపాడాల్సింది ఏదో ఉందని వాటి లెక్క. ఎవరూ నేర్పలేదు. ఇన్నేళ్లూ మన వెనకాలే తిరిగి అవే నేర్చుకున్నాయి. వలల వీధిలోకి మనం ఎప్పుడూ దిగలేదు కదా. అందుకని అక్కడేమీ లేదనుకున్నాయి."

దానమ్మత్త చేతిలో మరమరాలు అలాగే ఉండిపోయాయి.

"మనం మరియాద సేసినాం," అంది నెమ్మదిగా. "అయి దానిని అలా అరదం సేసుకున్నాయా!"

"మరి దిగుదామత్తా. రేపే దిగుదాం. రోజూ వెళ్తే అవే మళ్లీ నేర్చుకుంటాయి."

"అడక్కండానా?"

"అడిగేలోపు చచ్చిపోతాయి అవి."

"అయితే తొరగా అడుగు," అంది. "అడక్కండా ఒకలింట్లోకి ఎల్లినామనుకో, రేపట్నించీ పడవ కొట్టి పిలిసేది దేనికే? పాటకి తాళం ఏయడానికా?"

నేను మరమరాలు తిన్నాను.

చైత్ర బహుళ షష్ఠి. పొద్దున పడవ, మధ్యాహ్నం టీ కొట్టు.

రాత్రి కూర్చుని ఏం మాట్లాడాలో రాసుకున్నాను. "పగడాల మనుగడ", "తరతరాల వారసత్వం", "మీ ఉదారమైన అనుమతి" అన్నీ ఉన్నాయి. కొట్టు ముందు నిలబడి మొత్తం అప్పజెప్పాను.

కామయ్య తాత అట్టు తిరగేశారు. "ఏటే రత్నం, మంత్రిగారొస్తన్నారా?" అన్నారు.

బల్ల మీద కూర్చున్నవాళ్లు నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. మామూలుగా చెప్పాను అప్పుడు. వీధిలోకి దిగనివ్వమని అడిగాను.

"ఇంటికి తాళం ఏసి వచ్చినాను నాను," అన్నారు. "తాళం ఏసిన ఇంట్లోకి ఎవులైనా తొంగి సూస్తారా? పై నించి మొకాలు బోర్లించి సూస్తారట! మా వంటింట్లో ఏటుందో ఆళ్లకెందుకు?"

"తలుపే కొట్టుకుపోయింది తాతా. కప్పు కూడా లేదు."

"తలుపు పోతే పోనాది."

"తాళంచెవి ఉందా?"

"అదీ పోనాది. గట్టెక్కిన వారానికే పోనాది." చట్నీ వేసి ప్లేటు నా ముందుకి తోశారు. "తాళం ఏసిన సంగతి పోనేదు."

"మీ వీధి తెల్లబడిపోతోంది తాతా," అన్నాను చివరికి.

ఆయన మొహం విచ్చుకుంది. "సున్నం ఏసినట్టా? మంచిదే! నాను ఏటేటా ఏయించీవోడిని. వీధి మొత్తానికి మా ఇల్లే తెల్లగా ఉండీది."

ఎంత సంతోషపడ్డారంటే, కాదు అది చావు అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. అట్టు తిని వచ్చేశాను. మాటలంటే నాకిష్టం అని ఇన్నాళ్లూ అనుకుంటున్నాను. కావాల్సినప్పుడు ఒక్కటీ రాలేదు.

చైత్ర బహుళ దశమి. నీళ్లు వేడి.

తాడు దగ్గర్నించి చూస్తే వీధిలో సగం తెలుపు. సున్నం తెలుపు కాదు. జ్వరం వచ్చినవాళ్ల పెదాల తెలుపు. చిలక చేపలు ఇంకా లోపలే తిరుగుతున్నాయి. అవి వెళ్లిపోలేదు కాబట్టి ఇంకా ఆలస్యం కాలేదు అంది దానమ్మత్త.

మధ్యాహ్నం మళ్లీ కొట్టుకి వెళ్లాను. ఈసారి ఏమీ రాసుకోలేదు. ఎవరూ లేరు. తాత పెనం గీకుతున్నారు. ఆయన ఇల్లు ఎలా ఉండేదో చెప్పమన్నాను. మొదట కసురుకున్నారు. తర్వాత చెప్పారు. ముందు అరుగు, లోపల హాలు, వెనక వంటిల్లు, కుడివైపు విడిగా ఒక వాటా.

"వాటా ఎవరికి?"

"అద్దెకి. అద్దెకున్నోళ్లని నాను ఎలా సూసీవోడినో తెల్సా? వానకి కప్పు కారిందని ఆళ్లు నోరిప్పి అడగడానికి నేదు. తెల్లారేసరికి నాను పైకెక్కీసీవోడిని. అడిగి సూడు ఎవుల్నైనా." అని, అడగడానికి ఎవరూ మిగల్లేదని గుర్తొచ్చినట్టు ఆగిపోయారు.

కుడివైపు వాటా ఉన్న ఆ ఇల్లు తాడు దగ్గర్నించి రోజూ నాకు కనబడేదే. నాకు అప్పుడు తట్టింది.

"తాతా, ఇప్పుడు కూడా మీ ఇంట్లో అద్దెకున్నారు."

గరిటె ఆగిపోయింది. "ఎవులు?"

"అరుగు మీద గుండ్రటి పగడం ఒకటి ఉంది, కూర్చున్న మనిషంత ఉంటుంది. గోడ పొడుగునా జింకకొమ్ములు దిగాయి. వాటిల్లో చిలక చేపల కుటుంబం. మీ గోడ కన్నంలో ఒక ముసలి పాము చేప, తల మాత్రమే బయటపెట్టి అందర్నీ చూస్తూ ఉంటుంది."

"నన్నడగకండా దిగీసినారా!" నిజంగానే కోపం వచ్చింది ఆయనకి. "ఎన్నాళ్లై?"

"చాలా ఏళ్లై. మీ తాళం వాళ్లకి అడ్డు రాలేదు."

"అద్దె?"

"ఇవ్వట్లేదు."

"అదీ సంగతి."

"కానీ తాతా, పైన నీడ లేదు వాళ్లకి. మనుషులున్న ఇంటికే నీడపడవలు వస్తాయి. మీ ఇంటికి తాళం ఉంది కదా, ఖాళీ ఇల్లనుకుంటున్నాయి. లోపలున్నవాళ్లు ఎండలో నిలబడి ఉన్నారు. ఆ తెలుపు సున్నం కాదు."

తాత గరిటె పక్కన పెట్టారు. పెనం మీద నీళ్లు చల్లి, చుయ్యిమని ఆవిరి లేచేదాకా చూశారు. ఎన్నో ఏళ్లుగా గట్టుకేసి తిప్పిన మొహం, అప్పుడు కూడా సముద్రం వైపు తిప్పలేదు.

"ఎన్నింటికి పడవ?" అని అడిగారు.

చైత్ర బహుళ ఏకాదశి. నీళ్లు వేడి, తేట.

తాత చలవచేసిన చొక్కా వేసుకుని వచ్చారు. నీళ్లలోకి దిగడానికి చలవ చొక్కా ఎందుకని దానమ్మత్త అడిగితే, "మా ఇంటికి ఎల్తన్నాను. నీకేటి?" అన్నారు. దారి పొడుగునా గట్టుకేసే చూస్తూ కూర్చున్నారు. యాత్రికులు గుసగుసలాడుకున్నారు. ఆ పెద్దాయనకి పడవ పడదేమో అని ఒకామె నిమ్మకాయ ఇవ్వబోయింది. "నాను పడవలోనే పుట్నానమ్మా," అని, నిమ్మకాయ మాత్రం తీసుకుని జేబులో వేసుకున్నారు.

పసుపు బుడగల దగ్గర పడవ ఆగింది. ఇంటివాళ్లు ముందు దిగాలి అంది దానమ్మత్త. తాత తెడ్డుకాళ్లు వద్దన్నారు. కళ్లద్దం తగిలించుకుని, గొట్టం నోట్లో పెట్టుకుని, నిచ్చెన మీంచి చప్పుడు లేకుండా జారారు. తాడు ఎత్తి కిందనుంచి దాటారు. తర్వాత ఆయన మొహం నీళ్లలో ఉంది, చొక్కా గాలికి ఉబ్బి పైన తేలుతోంది. గొట్టం లోంచి ఊపిరి గట్టిగా వినబడుతోంది.

దానమ్మత్త తెడ్డు నా చేతికిచ్చింది. "ఈ పూట నువ్వు కొట్టు," అంది.

మూడుసార్లు కొట్టాను. "ఇంట్లో ఎవరండీ?" అన్నాను. ఎప్పటిలాగే ఆగాం.

తాత తల పైకెత్తారు. గొట్టం తీసేసి, ఉప్పునీళ్లు ఉమ్మేసి, గొంతు సవరించుకున్నారు.

"ఉన్నాను," అన్నారు. తర్వాత పడవలో అందరికీ వినబడేలా, "ఉన్నానమ్మా! రండి, లోపలికి రండి!"

ఇన్నేళ్ల పిలుపుకి మొదటిసారి ఎవరో పలికారు. నేను ఈదుకుంటూ ఒడ్డుకి పారిపోలేదు. కళ్లద్దం లోపల నీళ్లు చేరాయి, అంతే. అది కుంకుడు నురుగుతో పోయే ఆవిరి కాదు.

యాత్రికులు బిలబిలమంటూ నిచ్చెన దగ్గరికి వచ్చారు.

"ఆగండాగండి!" తాత చెయ్యెత్తారు. "ఆ తెడ్డుకాళ్లు గుమ్మం బయట ఇప్పీసి రండి!"

అందరూ బుద్ధిగా విప్పారు. నిచ్చెన పక్కన జతలు జతలుగా పేర్చారు, అచ్చం గుమ్మం ముందు చెప్పుల్లాగే. అవి లేకపోతే నెమ్మదిగా కదలాల్సి వచ్చింది. పగడాల కొసలకి ఒక్క దెబ్బ కూడా తగల్లేదు. ఈ నియమం అన్ని వీధులకీ పెట్టాలని దానమ్మత్త అప్పటికప్పుడే తీర్మానించింది.

లోపల తాత మాకు ఇల్లు చూపించారు. మా గైడ్ల చేతి సైగలు ఆయనకి రావు. ఆయన సైగలు ఆయనకున్నాయి. బోర్లించిన అరచేయి అరుగు. నోటి దగ్గర వేళ్లు వంటిల్లు. వాటా దగ్గరికి వచ్చి, గోడ కన్నంలోంచి చూస్తున్న ముసలి పాము చేపకి వేలు చూపించి బెదిరించారు. అద్దె సంగతి అయ్యుంటుంది. అది నోరు తెరిచి మూసింది. తెల్లబడిన పగడాల దగ్గర మాత్రం ఆగి, వేలు తగలకుండా వాటి మీద చెయ్యి అడ్డం పెట్టారు. ఆ చెయ్యెంత, దాని నీడెంత? గోడల చాటున ఉన్నవాటికి ఇంకా రంగుంది. అరుగు మీది గుండ్రటిది సగం తెలుపు, సగం తేనె రంగు.

కాసేపటికి వంటింటి మూల మసకబారింది. మబ్బు కాదు, మబ్బుకి అంచు అంత తిన్నగా ఉండదు. ఆ అంచు వంటిల్లు దాటింది, హాలు దాటింది, అరుగు మీదికి వచ్చింది. మా అందరి వీపుల మీదా ఎండ ఆరిపోయింది. ఒకటి వచ్చాక రెండోది కూడా వచ్చింది. తాత వెల్లకిలా తిరిగి, పైనున్న ఆ తెల్లగుడ్డకేసి చెయ్యి ఊపారు. ఆలస్యంగా వచ్చిన చుట్టాన్ని రమ్మన్నట్టు ఊపారు.

రేపట్నించి మొదటి మజిలీ వలల వీధే. మిగతా పడవలవాళ్లకీ చెప్పాం. తెల్లబడినవాటిలో ఎన్ని తేరుకుంటాయో నాకు తెలీదు. తేరుకునే వేళ ఇంకా ఉంది, చిలక చేపలు అక్కడే ఉన్నాయి.

రేవుకి వచ్చాక తాత తడి చొక్కాతోనే పొయ్యి వెలిగించారు. జేబులో నిమ్మకాయ తీసి చట్నీలో పిండారు. నేను బల్ల మీద కూర్చుని ఇదంతా రాస్తున్నాను. ఆ నీడ వచ్చిన తీరుకి ఒక మాట కోసం పొద్దుట్నించీ వెతుకుతున్నాను. వాలింది, పాకింది, పరుచుకుంది, ఏదీ సరిపోవడం లేదు.

దానమ్మత్త నా భుజం మీంచి తొంగి చూసింది. "ఇంకా రాస్తన్నావా? సేపలు కనబడ్డాయా నేదా, అది రాసినావా?"

రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

చేపలు బాగా కనబడ్డాయి.